బేస్ ఇమేజ్ దిగుతుంది, పిప్ దగ్గర ఆగుతుంది

హైదరాబాద్‌లో నేను పనిచేసే చోట ఒక శుక్రవారం రాత్రి బిల్డ్ రన్నర్లను (కోడ్ మారినప్పుడల్లా దాన్ని కట్టి పరీక్షించే మెషీన్లు) పాత సర్వర్ల నుంచి కొత్త ప్రైవేట్ క్లౌడ్‌లోకి మార్చాం. నాలుగు వర్చువల్ మెషీన్లు, వాటి మీద ఉబుంటు లినక్స్, ప్రోగ్రాములను కంటెయినర్లనే వేరు పెట్టెల్లో నడిపే డాకర్, రన్నర్ ఏజెంట్. శనివారం పొద్దున మూడు ప్రాజెక్టుల పైప్‌లైన్లు నడిపి చూశాం. మూడూ పచ్చగా వచ్చాయి. గ్రూపులో ‘మైగ్రేషన్ డన్’ అని పెట్టి ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం పదకొండు గంటలకు మొదటి ఫోన్. "అన్నా, నా బ్రాంచ్ బిల్డ్ పోయింది. పిప్ ఇన్‌స్టాల్ దగ్గర టైమౌట్ అంటోంది."

"ఏం మార్చావు?"

"ఏం లేదన్నా, రిక్వైర్‌మెంట్స్‌లో ఒక ప్యాకేజీ కలిపానంతే."

రిక్వైర్‌మెంట్స్ అంటే ప్రాజెక్టుకి కావలసిన పైథాన్ ప్యాకేజీల జాబితా, పిప్ అంటే వాటిని ఇంటర్నెట్ నుంచి దింపి పెట్టే టూల్. ఆ ‘అంతే’ మమ్మల్ని రెండు రోజులు తప్పుదారి పట్టించింది. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు అదే మాట చెప్పారు. ముగ్గురూ కొత్త ప్యాకేజీ ఏదో కలిపినవాళ్లే. ఏమీ కలపనివాళ్ల బిల్డులు బాగానే ఉన్నాయి. కాబట్టి తప్పు ఆ ప్యాకేజీలదే అని మేమందరం ఒక మాట మీదికి వచ్చేశాం. ఒక కుర్రాడు పాపం తను కలిపిన లైబ్రరీ మానేసి దాని బదులు ఇంకోటి వెతుక్కునే పనిలో పడ్డాడు.

అసలు జరిగింది క్యాష్ వల్ల. డాకర్ ఇమేజ్ అంటే కంటెయినర్‌కి అచ్చు, దాన్ని లేయర్లుగా, పొర మీద పొరగా కడతారు. మా బిల్డులు రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే చోటు) ఉన్న పాత లేయర్లను తిరిగి వాడుకుంటాయి. రిక్వైర్‌మెంట్స్ ఫైలు మారకపోతే పిప్ ఇన్‌స్టాల్ లేయర్ పాతదే వస్తుంది, పిప్ అసలు నడవదు. శనివారం మేం పరీక్షించిన మూడు ప్రాజెక్టుల్లోనూ అదే జరిగింది. బయటి ఇంటర్నెట్ నుంచి ఒక్క ప్యాకేజీ కూడా దింపకుండానే పచ్చ టిక్కులు వచ్చాయి. కొత్త రన్నర్ పెట్టినప్పుడు క్యాష్ లేకుండా ఒక్క బిల్డ్ నడిపి ఉంటే ఈ కథ శనివారమే అయిపోయేది.

లాగ్‌లో కనబడింది ఇది: పైపీఐకి, అంటే పైథాన్ ప్యాకేజీలు దొరికే సైటుకి, కనెక్షన్ తెగిందని, మళ్లీ ప్రయత్నిస్తున్నానని పిప్ ఐదుసార్లు చెప్పుకుంది. ప్రతిసారీ కారణం ‘రీడ్ టైమ్డ్ అవుట్’, పక్కనే 15 సెకన్లు. పిప్‌కి మామూలుగా ఉండే హద్దులు అవే: 15 సెకన్ల టైమౌట్, 5 రీట్రైలు. మొదటి ప్రయత్నంతో కలిపి ఆరు. అంటే సుమారు ఒకటిన్నర నిమిషం ఎదురు చూసి చేతులెత్తేసింది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ చెప్పాలి. టైమౌట్ 120 సెకన్లకీ, రీట్రైలు 10కీ పెంచాను. ‘కొత్త నెట్‌వర్క్ కదా, కాస్త నెమ్మదిగా ఉందేమో’ అనుకున్నాను. ఫలితం: అంతకుముందు ఒకటిన్నర నిమిషంలో చచ్చే బిల్డు ఇప్పుడు 22 నిమిషాలు పట్టుకు వేలాడి అప్పుడు చచ్చేది. నాలుగు రన్నర్లూ ఇలాంటి బిల్డులతో నిండిపోయాయి. వాటి వెనక బాగున్న బిల్డులు కూడా క్యూలో నిలబడ్డాయి. ముగ్గురి సమస్య ముప్పై మంది సమస్య అయింది.

ఆ రోజు సాయంత్రం మా దగ్గరున్న ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా కట్టాలో రాసే ఫైలు) మొదటి లైన్‌లోని పైథాన్ బేస్ ఇమేజ్, అంటే పునాదిగా వాడే ఇమేజ్, డాకర్ హబ్ అనే బయటి రిజిస్ట్రీ నుంచి చక్కగా దిగుతోంది. అది చిన్నదేం కాదు, పదుల మెగాబైట్లు. అంటే ఇంటర్నెట్ ఉంది, స్పీడూ ఉంది. అదే రన్నర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌లో వెళ్లి, కంటెయినర్ లేకుండా నేరుగా పిప్ నడిపితే అదే ప్యాకేజీ నాలుగు సెకన్లలో వచ్చేసింది. ఫ్రంటెండ్ టీమ్ వాడేది ఎన్‌పీఎం, జావాస్క్రిప్ట్‌కి పిప్ లాంటిది. వాళ్లని అడిగితే "మాకు ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బానే నడుస్తోంది, కంటెయినర్‌లోనే" అన్నారు. కంటెయినర్ లోపలి నుంచి 8.8.8.8కి (గూగుల్ సర్వర్) పింగ్, అంటే ‘ఉన్నావా’ అని అడిగే చిన్న ప్యాకెట్, వెళ్తోంది, జవాబు వస్తోంది. పేర్లు కూడా సరిగ్గానే ఐపీలుగా మారుతున్నాయి.

కాబట్టి మా నిర్ధారణ: పైపీఐకి ఏదో అయింది. స్టేటస్ పేజీ చూస్తే అంతా ఆకుపచ్చ. అయినా నమ్మలేదు.

మంగళవారం పొద్దున్న డీఎన్ఎస్ మీద, అంటే పేర్లను ఐపీలుగా మార్చే వ్యవస్థ మీద, పడ్డాం. నెట్‌వర్క్ సమస్య అనగానే ముందు డీఎన్ఎస్‌ని అనుమానించడం మా వృత్తిలో ఆచారం, చాలాసార్లు అదే దొంగ కూడా. ఉబుంటు హోస్టులో (కంటెయినర్లు నడిచే అసలు మెషీన్‌లో) రిజాల్వర్ చిరునామా 127.0.0.53 అని ఉంటుంది. అది హోస్టు లోపల మాత్రమే పనిచేసే చిరునామా, కంటెయినర్‌కి దాన్ని యథాతథంగా ఇస్తే కంటెయినర్ తనని తానే అడుక్కుంటుంది. అందుకే డాకర్ దాన్ని పక్కన పెట్టి వెనకున్న అసలు సర్వర్లను ఇస్తుంది. పైగా మాకు పేర్లు దొరుకుతూనే ఉన్నాయి. ఈ దారిలో ఒక పూట పోయింది.

తర్వాత ప్రాక్సీ, అంటే ఇంటర్నెట్‌కి మధ్యవర్తిగా ఉండే సర్వర్. పాత సర్వర్లు ప్రాక్సీ గుండా వెళ్లేవి, కొత్తవి వెళ్లక్కర్లేదు. ఎక్కడైనా పాత ప్రాక్సీ సెట్టింగ్ మిగిలిపోయిందా అని అన్ని ఫైళ్లూ గాలించాం. ఏమీ దొరకలేదు.

నిజానికి ఇదంతా వెతకక్కర్లేదు. కారణం ఏ అంతస్తులో ఉందో సోమవారం నాటి లాగే చెప్పింది. ‘నేమ్ రిజల్యూషన్ ఫెయిల్డ్’ అంటే పేరే దొరకలేదు, డీఎన్ఎస్ వైపు చూడాలి. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే అవతలి మెషీన్ దాకా వెళ్లాం, తలుపు దగ్గర కాదు పొమ్మన్నారు. కనెక్ట్ టైమౌట్ అయితే తలుపు కొట్టినా ఎవరూ పలకలేదు, ఫైర్‌వాలో రూటో చూడాలి. ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అంటే మాటలు మొదలయ్యాయి గానీ నమ్మకం కుదరలేదు. మాకు వచ్చింది ‘రీడ్ టైమ్డ్ అవుట్’. కనెక్షన్ కుదిరింది, మనం అడిగాం, ఆ తర్వాత నిశ్శబ్దం. పేరు దొరక్కపోతే, ప్రాక్సీ అడ్డుపడితే ఇలా ఉండదు. మేం టైమౌట్ అనే మాట చూశాం, దాని ముందున్న రీడ్ అనే మాట చదవలేదు.

అడుగుతున్నది ఎవరు?

మంగళవారం సాయంత్రం టీ తాగుతూ నెట్‌వర్క్ టీమ్‌లోని ఒక సీనియర్‌కి ఈ గోడు మొత్తం చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగారు. "బేస్ ఇమేజ్ దింపేది ఎవరు? పిప్‌ని నడిపేది ఎవరు? ఇద్దరూ ఒకే దారిలో వెళ్తున్నారా?"

వెళ్లరు. ఒక డాకర్ బిల్డులో రెండు వేర్వేరు నెట్‌వర్కులు పనిచేస్తాయి, రోజూ చేసే మాలాంటివాళ్లం కూడా ఇది మర్చిపోతుంటాం. బేస్ ఇమేజ్ దింపేది డాకర్ డీమన్. అది హోస్టులో నడిచే ప్రాసెస్, హోస్టు నెట్‌వర్క్ కార్డు మీదుగా వెళ్తుంది. డాకర్‌ఫైల్‌లో రన్ అని రాసిన లైన్లు నడిచేది మాత్రం తాత్కాలికంగా పుట్టే ఒక కంటెయినర్‌లో. దానికి దాని సొంత నెట్‌వర్క్, డాకర్ బ్రిడ్జ్ అనే సాఫ్ట్‌వేర్ వంతెన గుండా బయటికి దారి. ‘ఇమేజ్ దిగింది కాబట్టి ఇంటర్నెట్ బాగుంది’ అన్న మా వాదన అక్కడే కూలింది. అది హోస్టుకి బాగుందని మాత్రమే రుజువు చేస్తుంది.

వెంటనే ఒక పరీక్ష చేశాం. అదే బిల్డుని నెట్‌వర్క్ ఈక్వల్స్ హోస్ట్ అనే ఆప్షన్ పెట్టి నడిపాం. అలా చేస్తే రన్ లైన్లు కూడా బ్రిడ్జ్ వదిలేసి హోస్టు నెట్‌వర్క్‌నే వాడతాయి. నలభై సెకన్లలో అన్ని ప్యాకేజీలూ దిగిపోయాయి. పైపీఐ నిర్దోషి. తేడా అంతా బ్రిడ్జ్‌లోనే ఉంది.

అక్కడితో ఆపేసి ఆ ఆప్షన్‌నే అన్ని పైప్‌లైన్లలో పెట్టేద్దామని మా మేనేజర్ గారు అన్నారు. రిలీజ్ గురువారం, ఆయన టెన్షన్ ఆయనది. ఆ రాత్రికి మూడు ప్రాజెక్టులకు అలాగే పెట్టాం. కానీ అలా శాశ్వతంగా వదిలేయడం నాకు నచ్చలేదు. బిల్డులో నడిచే ఎవరి స్క్రిప్టయినా హోస్టులోని లోకల్ పోర్టులన్నిటినీ చేరుకోగలుగుతుంది. పైగా కారణం తెలియకుండా తగ్గిన జ్వరం మళ్లీ వస్తుంది.

కంటెయినర్ లోపల చూద్దామంటే ఇంకో చిక్కు. పైథాన్ స్లిమ్ ఇమేజ్‌లో సైట్లను అడిగి చూసే కర్ల్ లేదు, పింగ్ లేదు, వచ్చేపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ లేదు. ఇన్‌స్టాల్ చేద్దామని డెబియన్ ఇన్‌స్టాలర్ ఆప్ట్‌ని పిలిస్తే అది కూడా అదే బ్రిడ్జ్ మీదుగా వెళ్లి అలాగే వేలాడింది. బావిలో పడ్డవాణ్ణి తీయడానికి తాడు కూడా ఆ బావిలోనే ఉన్నట్టు. దీనికి విరుగుడు ఎన్‌ఎస్‌ఎంటర్. కంటెయినర్‌లో ఒక స్లీప్ కమాండ్ నడిపి, దాని ప్రాసెస్ నంబర్ పట్టుకుని, హోస్టు నుంచి ఎన్‌ఎస్‌ఎంటర్‌తో ఆ కంటెయినర్ నెట్‌వర్క్‌లోకి మాత్రమే దూరవచ్చు. ఫైళ్లూ టూల్సూ హోస్టువి, నెట్‌వర్క్ కంటెయినర్‌ది. సోమవారం నేను లోపల చూసిన పింగ్ కూడా బిజీబాక్స్ ఇమేజ్‌తో చేసిందే, అందులోనూ కర్ల్, టీసీపీడంప్ లేవు.

అలా దూరి పైపీఐకి కర్ల్ వెర్బోస్‌గా నడిపాను. కనెక్ట్ అయింది. టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ (రహస్య సంభాషణకి ముందు పలకరింపు), క్లయింట్ హలో పంపాం అని ఒక లైన్. ఆ తర్వాత కర్సర్ మాత్రమే.

ఇంకో టెర్మినల్‌లో టీసీపీడంప్. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కేసు మొత్తం ఈ పది లైన్లలోనే ఉంది. కంటెయినర్ పంపిన మొదటి ప్యాకెట్‌లో ఎంఎస్ఎస్ 1460 అని ఉంది. ఎంఎస్ఎస్ అంటే ‘ఒక్కో ముక్కలో నాకు ఇంతకు మించి పంపొద్దు’ అని అవతలివాళ్లకి ఇచ్చే కొలత. 1460కి టీసీపీ హెడర్ 20, ఐపీ హెడర్ 20 కలిపితే 1500, ఈథర్‌నెట్‌లో మామూలు ప్యాకెట్ సైజు. మా క్లయింట్ హలో వెళ్లింది, అందిందని అవతల నుంచి ఏసీకే వచ్చింది. ఆ తర్వాత సర్వర్ తన సర్టిఫికెట్లన్నీ పంపాలి, అవి కొన్ని వేల బైట్లు ఉంటాయి. వచ్చింది మాత్రం ఒకే ఒక్క చిన్న ముక్క, అదీ చివరిది. దాని ముందు రావాల్సినవి రాలేదు. ‘తోక అందింది, తల రాలేదు’ అని కంటెయినర్ ఏసీకేలో చెబుతోంది, ఎన్ని బైట్లు ఖాళీ ఉందో కూడా అందులో కనిపిస్తుంది: 2896.

2896ని రెండుతో భాగిస్తే 1448. టైమ్‌స్టాంప్ ఆప్షన్ 12 బైట్లు తింటుంది కాబట్టి 1460 ఎంఎస్ఎస్‌లో డేటాకి మిగిలేది సరిగ్గా 1448. అంటే నిండుగా ఉన్న రెండు పెద్ద ప్యాకెట్లు దారిలో మాయమయ్యాయి. నిండని మూడోది మాత్రం దూరి వచ్చేసింది. ఇది ప్యాకెట్లు అక్కడొకటి ఇక్కడొకటి పోయే మామూలు లాస్ కాదు. సైజు చూసి ఆపుతున్నారు.

సీనియర్ గారు స్క్రీన్ చూసి నవ్వారు. "హోస్టు ఎంటీయూ ఎంత?"

చూస్తే 1450. కంటెయినర్‌లో చూస్తే 1500. ఎంటీయూ అంటే ఒక నెట్‌వర్క్ కార్డు మీదుగా వెళ్లగల ప్యాకెట్ గరిష్ట సైజు.

యాభై బైట్ల తేడా

కొత్త క్లౌడ్‌లో వర్చువల్ మెషీన్ల మధ్య నెట్‌వర్క్ వీఎక్స్‌ల్యాన్ మీద నడుస్తుంది. మన ప్యాకెట్‌ని తీసుకుని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపే పద్ధతి అది, కవరులో కవరు. లోపలి ఈథర్‌నెట్ హెడర్ 14, వీఎక్స్‌ల్యాన్ 8, యూడీపీ 8, బయటి ఐపీ 20. మొత్తం 50 బైట్లు. బయటి కవరు 1500 దాటకూడదు కాబట్టి లోపలి ప్యాకెట్ 1450 దాటకూడదు. వర్చువల్ మెషీన్ పుట్టేటప్పుడు ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఆ సంగతి దానికి చెబుతుంది, అందుకే హోస్టు కార్డు 1450 పెట్టుకుంది. డాకర్ బ్రిడ్జ్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది హోస్టు కార్డు ఎంత అని చూడదు, తన అలవాటు ప్రకారం 1500 పెట్టుకుని కూర్చుంటుంది. పాత సర్వర్లలో హోస్టూ 1500, బ్రిడ్జూ 1500. ఏళ్ల తరబడి ఈ సెట్టింగ్ ఉందన్న సంగతి కూడా మాకు పట్టలేదు.

ఇప్పుడు ముక్కలన్నీ అతుక్కుంటాయి. హోస్టు నుంచి అడిగితే ఎంఎస్ఎస్ 1410 అని వెళ్తుంది, సర్వర్ చిన్న ముక్కలు పంపుతుంది, అన్నీ వస్తాయి. కంటెయినర్ నుంచి అడిగితే 1460 అని వెళ్తుంది, సర్వర్ నమ్మి 1500 బైట్ల ప్యాకెట్లు పంపుతుంది, అవి మా క్లౌడ్ గేట్‌వే (బయటి ఇంటర్నెట్‌కి ద్వారం) దాకా వచ్చి లోపలికి పట్టక రాలిపోతాయి. డీఎన్ఎస్ జవాబులు చిన్నవి. మామూలు పింగ్ మొత్తం 84 బైట్లు. అవన్నీ ఏ ఇరుకులోంచి అయినా దూరతాయి. అందుకే మా పరీక్షలన్నీ పాసయ్యాయి, పని మాత్రం జరగలేదు. ఫ్రంటెండ్ వాళ్ల ఎన్‌పీఎం ఎందుకు నడిచిందంటే, అది అడిగేది బయటి రిజిస్ట్రీని కాదు, అదే క్లౌడ్‌లో మేం పెట్టుకున్న మిర్రర్‌ని. ఆ మిర్రర్ మెషీన్ ఎంటీయూ కూడా 1450. అది పెద్ద ప్యాకెట్ పంపనే పంపదు.

నెట్‌వర్క్ తెలిసినవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న అడుగుతారు. ప్యాకెట్ పట్టకపోతే ‘ఇది పట్టదు, 1450కి తగ్గించు’ అని గేట్‌వే పంపినవాడికి కబురు చేయాలి కదా? చేయాలి. ఐసీఎంపీ అనే కబుర్ల ప్రోటోకాల్‌లో (పింగ్ కూడా అందులో భాగమే) టైప్ 3, కోడ్ 4 అనే ఆ కబురు ఆధారంగానే దారి వెడల్పు తెలుసుకునే పద్ధతిని 1990లోనే ఆర్ఎఫ్‌సీ 1191 అనే ప్రమాణ పత్రంగా రాసిపెట్టారు. మా గేట్‌వే మాత్రం తనంతట తాను ఐసీఎంపీ కబుర్లు బయటికి పంపొద్దని ఎప్పుడో ఒక సెక్యూరిటీ ఆడిట్ తర్వాత రూల్ పెట్టారు. గేట్‌వే పింగ్‌లకి జవాబివ్వడం ఆపాలన్న ఉద్దేశంతో దాని నోరే నొక్కేశారు, దాని గుండా వెళ్లే మా పింగ్‌లకి మాత్రం అడ్డు లేదు. గేట్‌వే ప్యాకెట్ పారేస్తుంది, ఎవరికీ చెప్పదు. సర్వర్ అదే సైజులో మళ్లీ పంపుతుంది, మళ్లీ పోతుంది. ఈ మౌనం లేకపోతే ఎంటీయూ తేడా మాకు తెలియను కూడా తెలియదు, మొదటి ప్యాకెట్ తర్వాత సర్దుకుపోయేది.

విచిత్రం ఏమిటంటే ఎదురు దిక్కులో ఈ సమస్య లేదు. కంటెయినర్ బయటికి పెద్ద ప్యాకెట్ పంపితే హోస్టే దాన్ని ఆపి, లోపలికి కబురు చేస్తుంది. దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు. ఎన్‌ఎస్‌ఎంటర్‌తో దూరి, ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ పంపాను. పింగ్ హెడర్ 8, ఐపీ 20 కలిపితే 1500. వెంటనే 172.17.0.1 నుంచి, అంటే డాకర్ బ్రిడ్జ్ నుంచి, ‘ముక్కలు చేయాలి, ఎంటీయూ 1450’ అని జవాబొచ్చింది. 1422కి తగ్గిస్తే పింగ్ వెళ్లింది, జవాబూ వచ్చింది. సోమవారం చేసిన పింగ్‌కి సైజు పెట్టి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంటుంది.

సరిచేసిన తీరు

సరైన చోట సరిచేయాలంటే గేట్‌వే దగ్గర చేయాలి. రెండు పనులు: టైప్ 3 కోడ్ 4 కబురుని వెళ్లనివ్వడం, దాటుతున్న టీసీపీ కనెక్షన్ల ఎంఎస్ఎస్‌ని దారికి సరిపడేలా తగ్గించి రాయడం. రెండోదాన్ని ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అంటారు, లినక్స్‌లో ఐపీటేబుల్స్‌తో ఒక లైన్ పని. కానీ ఆ గేట్‌వే మా చేతిలో లేదు. ప్రొడక్షన్ కూడా దాని వెనకే ఉంది. ఛేంజ్ టికెట్, అప్రూవల్, రెండు వారాల తర్వాత విండో. సీనియర్ గారే "నన్నడిగినా వెంటనే ఒప్పుకోను" అన్నారు. న్యాయమే.

కాబట్టి బుధవారం పొద్దున్న మా చేతిలో ఉన్నది మార్చాం. నాలుగు రన్నర్లలోనూ డాకర్ సెట్టింగులుండే డీమన్ డాట్ జేసన్ ఫైల్లో ఎంటీయూ 1450 అని ఒక లైన్ కలిపి డాకర్ రీస్టార్ట్ చేశాం. కొత్త కంటెయినర్ లేపి లోపల చూస్తే 1450. టీసీపీడంప్‌లో ఎంఎస్ఎస్ 1410. క్యాష్ లేకుండా బిల్డ్ నడిపితే ఒక్క రీట్రై లేకుండా పూర్తయింది. హోస్ట్ నెట్‌వర్క్ ఆప్షన్ పెట్టిన మూడు ప్రాజెక్టుల్లోంచి దాన్ని తీసేశాం. నేను పెంచిన టైమౌట్లూ రీట్రైలూ కూడా తీసేశాను, ఎవరూ అడగకముందే.

గురువారం రిలీజ్ రోజు మళ్లీ ఒకటి పోయింది. బిల్డ్ కాదు, ఇంటిగ్రేషన్ టెస్టులు. అవి డాకర్ కంపోజ్‌తో నాలుగు కంటెయినర్లు లేపి, అందులో ఒకటి మొదలయ్యేటప్పుడు టెస్ట్ డేటా బయటి నుంచి దింపుకుంటుంది. అదే రీడ్ టైమౌట్. లోపల చూస్తే ఎంటీయూ 1500! మేం డీమన్ డాట్ జేసన్‌లో పెట్టిన లైన్ డాకర్ డిఫాల్ట్ బ్రిడ్జ్‌కి మాత్రమే వర్తిస్తుంది. కంపోజ్ ప్రతి ప్రాజెక్టుకీ సొంతంగా ఒక కొత్త నెట్‌వర్క్ చేసుకుంటుంది, అది మళ్లీ 1500తోనే పుడుతుంది. కంపోజ్ ఫైల్లో ఆ నెట్‌వర్క్ కింద డ్రైవర్ ఆప్షన్‌గా ఎంటీయూ రాయాలి. కొత్త డాకర్ వెర్షన్లలో డిఫాల్ట్ నెట్‌వర్క్ ఆప్ట్స్ అనే సెట్టింగ్ ఉంది, దాంతో డీమన్ దగ్గరే అన్ని కొత్త బ్రిడ్జ్‌లకూ ఒకేసారి చెప్పవచ్చు. మేం రెండోదే ఎంచుకున్నాం, ఇరవై రెపోల్లో కంపోజ్ ఫైళ్లు తిప్పే ఓపిక లేదు. ముందే ఉన్న నెట్‌వర్కులు మాత్రం మారవు, వాటిని తీసేసి మళ్లీ చేయాలి. అది తెలియక ఇంకో గంట పోయింది.

డాకర్ లోపల డాకర్ నడిపే పైప్‌లైన్ల సంగతి కూడా అంతే. బయటి డీమన్‌కి చెప్పినది లోపలి డీమన్‌కి వినబడదు. దానికి మొదలుపెట్టేటప్పుడే ఎంటీయూ ఆప్షన్ విడిగా ఇవ్వాలి. ఇది మాత్రం ఎవరూ ఫోన్ చేయకముందే పట్టుకున్నాం.

రెండు వారాల తర్వాత గేట్‌వే మీద క్లాంపింగ్ వచ్చింది, ఐసీఎంపీ రూల్ సడలించారు. అప్పుడు మా సెట్టింగులు తీసేయాలా అన్న చర్చ జరిగింది. నేను ఉంచుదామన్నాను. హోస్టు 1450 అని తెలిసి కంటెయినర్‌ని 1500 అని నమ్మించడంలో అర్థం లేదు. క్లాంపింగ్ టీసీపీకే గానీ యూడీపీకి ఉపయోగపడదు కూడా.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ తర్వాత నెల రోజులు నాకు ప్రతిదాంట్లోనూ ఎంటీయూయే కనబడింది. ఒక అమ్మాయి తన లాప్‌టాప్‌లో కంటెయినర్ బిల్డ్ పోతోందని, హోస్టులో పిప్ బానే ఉందని మెసేజ్ పెట్టింది. లాగ్ తెరవకుండానే "ఎంటీయూ 1400 పెట్టి చూడమ్మా" అన్నాను. పెట్టింది. ఏం మారలేదు. అప్పుడు లాగ్ అడిగితే అందులో ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’ అని స్పష్టంగా ఉంది. ఆఫీసు లాప్‌టాప్‌ల ట్రాఫిక్‌ని ఒక సెక్యూరిటీ ప్రాక్సీ విప్పి చూసి, తన సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతుంది. ఆ ప్రాక్సీ రూట్ సర్టిఫికెట్ లాప్‌టాప్‌లో ఉంది, కంటెయినర్‌లో లేదు. దాన్ని ఇమేజ్‌లోకి కాపీ చేసి సర్టిఫికెట్ల జాబితా అప్‌డేట్ చేస్తే ఆప్ట్, కర్ల్ సర్దుకున్నాయి. పిప్‌కి ఆ జాబితా ఎక్కడుందో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చూపించాం. నోడ్‌కి వేరే వేరియబుల్, జావాకి దాని సొంత కీస్టోర్. ఎవరి పెట్టె వాళ్లదే. ట్రస్టెడ్ హోస్ట్ ఆప్షన్ పెట్టి సర్టిఫికెట్ చూడటమే మానేయమని కొందరు సలహా ఇస్తారు, అది తలనొప్పికి తల తీసేయడం.

ఇప్పుడు కొత్త రన్నర్ బూట్ అయ్యేటప్పుడు ఒక చిన్న స్క్రిప్టు నడుస్తుంది. డిఫాల్ట్ బ్రిడ్జ్ మీద ఒక కంటెయినర్, కంపోజ్ తరహా నెట్‌వర్క్ మీద ఇంకోటి లేపి, రెండింటి లోపలి ఎంటీయూనీ హోస్టు కార్డుతో పోలుస్తుంది. ఆ తర్వాత రెండింటి నుంచీ పైపీఐలోని ఒక పెద్ద ఫైల్ని 20 సెకన్ల హద్దుతో దింపి చూస్తుంది. ఏది తప్పినా రన్నర్ క్యూలో చేరదు.

అది రాసిన నాలుగు నెలలకు వేరే డేటా సెంటర్‌లో ఒక రన్నర్ పెట్టాం. బూట్‌లోనే ఆగిపోయింది. చూస్తే అక్కడ దారిలో ఒక ఐపీసెక్ టన్నెల్ (ఇదీ కవరులో కవరే, ఎన్‌క్రిప్షన్‌తో) ఉంది, హోస్టు ఎంటీయూ 1400. మా డీమన్ డాట్ జేసన్‌లో మాత్రం నేను చేత్తో రాసిన 1450 అలాగే ఉంది. ఆ నంబర్ చెరిపేసి, హోస్టు కార్డు నుంచి చదివి రాసే లైన్ పెట్టాను.